మా డేగ ఎత్తు ఎంత

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. దాదాపు ఏడాదిపాటు నేనొక కోడిపుంజుకి పుస్తకాలు చదివి వినిపించాను.

పెద్ద ఉద్దేశంతో మొదలుపెట్టింది కాదు. చిన్నప్పటినుంచీ నాకు పైకి చదువుకోవడం అలవాటు. మెల్బోర్న్ వచ్చాక ఆ అలవాటుకి చోటు లేకుండా పోయింది. చదువు పూర్తయ్యేవరకూ తోటి అమ్మాయిలతో కలిసి ఒక అద్దె ఇల్లు, ఆ తర్వాత ఊరి చివర పాయింట్ కుక్‌లో పిన్నీ బాబాయిల ఇల్లు. ఈ కొత్త ఇళ్ళ గోడలు బోలుగా ఉంటాయి. నా గదిలో నేను దగ్గితే వంటింట్లోంచి పిన్ని "మిరియాల పాలు కాచనా?" అని అడుగుతుంది. అలాంటి ఇంట్లో తెలుగు నవల పైకి చదివితే ఎలా ఉంటుంది? అసలు నేను చదువుతానన్న సంగతే అక్కడ పెద్దగా ఎవరికీ తెలియదు. నా పుస్తకాలు అల్మరాలో చలికోట్ల వెనక ఉంటాయి. దాచాల్సిన పుస్తకాలేమీ కావు. ఎవరైనా "ఏం చదువుతున్నావు?" అని అడిగితే జవాబు చెప్పాల్సొస్తుందని, అంతే.

నా ఉద్యోగం కూడా నాకు తగ్గదే. ఒక మందుల షాపు వెనక గదిలో కూర్చుని, వృద్ధాశ్రమాలకి వెళ్ళే మాత్రల అట్టలు సర్దుతాను. పొద్దున వేసుకునేవి పొద్దుటి గడిలో, రాత్రివి రాత్రి గడిలో. ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. మధ్యాహ్నానికల్లా షిఫ్ట్ అయిపోతుంది. నేను ఇంటికొచ్చేసరికి పిన్ని ఇంకా చైల్డ్‌కేర్‌లోనే ఉంటుంది, బాబాయి సిటీ ఆఫీసు నుంచి చీకటి పడితే గానీ రాడు. ఆ ఖాళీలో పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు వెనక బకెట్ బోర్లించుకుని, దాని మీద కూర్చుని చదివేదాన్ని.

అక్కడే డేగ ఉండేవాడు. ఎర్రటి పుంజుని బాబాయి వైపు డేగ అంటారు. మేమెవరం వాణ్ని 'అది' అనేవాళ్ళం కాదు. వాడు మా ఇంట్లో నాలుగో మనిషి.

మొదటిరోజు నేను చదవడం మొదలుపెట్టగానే వాడు గింజలు ఏరుకోవడం ఆపేశాడు. కాళ్ళు బిగించి, మెడ నిలువునా సాచి, తల ఒక పక్కకి వంచి నిలబడ్డాడు. సంభాషణ వచ్చినచోట నేను గొంతు మారిస్తే తల రెండో పక్కకి తిప్పాడు. చదవడం ఆపగానే మెడ లోపలికి లాక్కుని మామూలు కోడి అయిపోయాడు. మర్నాడూ అంతే. మొత్తానికి నాకొక శ్రోత దొరికాడు. బాగుందనడు, బాగోలేదనడు, ఎందుకు చదువుతున్నావని అసలే అడగడు. డైరీలో ఈ సంగతి రాసుకున్నప్పుడు కూడా 'ఈ రోజు పెరట్లో కాసేపు కూర్చున్నాను' అని మాత్రమే రాశాను.

డేగ మా ఇంటికి గుడ్డుగా వచ్చాడు. బాబాయిది భీమవరం దగ్గర పల్లె. కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగమే గానీ మనసంతా కోళ్ళ మీద. అలాగని పందేల మనిషి కాదు. "పందేలు నాకొద్దమ్మా, పుంజు నడక చూస్తే చాలు, అదే సినిమా" అనేవాడు. ఎవరో కోళ్ళు పెంచేవాళ్ళ దగ్గర మన పందెం కోళ్ళ జాతి, అసీల్ గుడ్లు దొరుకుతున్నాయని ఆన్‌లైన్‌లో చూసి, కారేసుకుని వెళ్ళి తెచ్చి, గ్యారేజీలో చిన్న పొదిగే పెట్టెలో పెట్టాడు. వాటిలో ఒక్కటే పిల్ల అయింది. అది పుంజు అయింది.

ఆ రోజునుంచీ మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఒకటే చర్చ. ప్రపంచంలో పెద్ద కోళ్ళలో ఏది పెద్దది? బాబాయి ఫోన్ పళ్ళెం పక్కన ఆనించి పెట్టుకుని బొమ్మలు చూపించేవాడు.

"ఇదిగో, దీన్ని మలయ్ అంటారు. కాళ్ళు చూడు, కొంగలా! ఇది షామో, జపాన్‌ది. రొమ్ము చూసేవా, తలుపులా ఉంది. ఇదిగో మన అసీల్."

"మూడూ ఒకేలా ఉన్నాయి కదండీ," అనేది పిన్ని, పప్పు వడ్డిస్తూ.

"ఒకేలాగేటే! ఈ మలయ్ డైనింగ్ టేబుల్ అంత ఎత్తుంటదంట."

"అయితే దాన్నే తెచ్చుకోవాల్సింది. టేబుల్ కొనక్కర్లేకపోను."

నేనేమీ అనేదాన్ని కాదు. కానీ ఆ ఫోటోల గురించి నాకొక అనుమానం ఉండేది. ఒకదాంట్లో పుంజు పక్కన చిన్నపిల్ల నిలబడింది, ఇంకోదాంట్లో ఆరడుగుల రైతు. కోడి పెద్దదా చిన్నదా అన్నది పక్కనున్న మనిషిని బట్టి మారిపోతోంది. ఒక శనివారం లైబ్రరీకి వెళ్ళి కోళ్ళ జాతుల పుస్తకాలు తెచ్చుకున్నాను. వాటిలో ఎక్కువగా బరువులే ఉన్నాయి, ఎత్తు సంగతి అంతగా లేదు. మనుషులు మాత్రం ఎత్తు గురించే గొప్పలు చెప్పుకుంటారు. చదవగా నాకు అర్థమైంది ఇది. మలయ్ అన్నిటికన్నా పొడుగు, కానీ ఆ పొడుగులో ఎక్కువ భాగం కాళ్ళూ మెడే. షామో ఎత్తులో కొంచెం తగ్గుతుంది గానీ ఛాతీ విశాలం, వెన్ను దాదాపు నిలువుగా పెట్టి నిలబడుతుంది. అసీల్ చూపుకి ఆ రెండిటికన్నా చిన్నది, ఎత్తుకుంటే మాత్రం బరువు. ఈకలు తక్కువ, కండ గట్టి. ఇదంతా బాబాయికి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నోరు తెరిచేలోపు మాట ఇంకెక్కడికో వెళ్ళిపోయేది.

డేగకి మాత్రం కొలతలు తప్పేవి కాదు. శనివారం పొద్దున బాత్రూమ్‌లో ఉండే వెయింగ్ మెషీన్ పెరట్లోకి వచ్చేది. ముందు బాబాయి ఒక్కడే ఎక్కేవాడు, తర్వాత డేగని చంకలో పెట్టుకుని ఎక్కేవాడు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే పుంజు బరువు.

"చూసేవా! పోయిన వారం మీద పావుకిలో ఎక్కేడు!" అన్నాడు ఒకసారి.

"ఎక్కింది వాడు కాదు," అంది పిన్ని తలుపు దగ్గర నిలబడి. "ఒక్కరూ ఎక్కినప్పుడు పొట్ట లోపలికి పీల్చేరు. వాణ్ని ఎత్తుకున్నాక వదిలేసేరు."

"పొట్ట పీలిస్తే బరువు తగ్గుద్దేటే?"

"తగ్గదని తెలిసీ ఎందుకు పీలుస్తున్నట్టో మరి."

బరువయ్యాక ఎత్తు. డేగని కంచె చెక్క పక్కన నిలబెట్టి, ఉడికించిన గుడ్డు ముక్క పైకెత్తి చూపించి, వాడు మెడ సాచగానే పెన్సిల్‌తో గీత గీసేవాడు బాబాయి. కంచె మీద ఆ గీతలు పిల్లల ఎత్తు గీసినట్టు ఒకదాని మీద ఒకటి పెరిగాయి. నేను ట్యాంకు వెనక కూర్చుని చదివినప్పుడు వాడి తల అన్నిటికన్నా పై గీతని దాటి ఉండేది. అది నేనొక్కదాన్నే చూశాను.

తర్వాత డేగకి గొంతొచ్చింది. తెల్లవారకుండానే కూసేవాడు. పక్కింటావిడ మంచిదే. మొదట నవ్వింది. తర్వాత, రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకునే తన భర్త సంగతి చెప్పింది. ఆ తర్వాత కౌన్సిల్ నుంచి, అంటే ఇక్కడి మునిసిపాలిటీ నుంచి, మనిషి వచ్చాడు. ఇంత చిన్న స్థలాల్లో పుంజుని ఉంచకూడదట. పెట్టలైతే ఫర్వాలేదట. రెండు వారాల తర్వాత సోమవారం మళ్ళీ వస్తానని, అప్పటికి పుంజు ఇక్కడ కనబడకూడదని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు.

బాబాయి తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేశాడు. ఈ దేశంలో పెట్టని ఇస్తామంటే పరిగెత్తుకొస్తారు, పుంజుని ఇస్తామంటే ఎవరూ పలకరు. పొలాలున్నవాళ్ళు కూడా "మా దగ్గర ఇప్పటికే ఒకటుంది" అన్నారు. కుక్కలకీ పిల్లులకీ ఉన్న ఆశ్రమాలు పుంజు అనగానే తలుపు మూసేశాయి. ఎవరూ తీసుకోకపోతే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ప్రాణం తీయించడమే దారి.

"డాక్టరెందుకు, నాకిచ్చేయండి, పలావు చేస్తాను," అంది పిన్ని. ఎప్పుడూ అనే మాటే. కానీ ఆ రోజు అన్నాక తనే లేచి వెళ్ళి, సింకులో గిన్నెలేమీ లేకపోయినా నీళ్ళు వదిలి నిలబడింది.

ఆ వారం నేను పెరట్లో చదివింది నా చెవికే ఎక్కలేదు. డేగ మాత్రం మెడ సాచి విన్నాడు.

చివరికి బాలరాట్ వైపు పొలంలో ఒక పెద్దావిడ దొరికింది. రిటైరైన జాగ్రఫీ టీచరు. ఆసియా దేశాల పెద్ద కోళ్ళు మాత్రమే పెంచుతుంది. బాబాయి ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, నేను ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

"పందేలవాళ్ళు ఫోన్ చేస్తుంటారు. వాళ్ళకి నేను గేటు తియ్యను."

"నేను అలాంటివాణ్ని కాదు మేడమ్."

"మేడమ్ ఏమిటి, నేనేమైనా రాణీగారినా? విను. నా అసీల్ పెట్టలు తరానికి తరం పొట్టి అవుతున్నాయి. నాకు ఎత్తున్న పుంజు కావాలి. ఉన్నది ఒకటే ఖాళీ గది. మీతోపాటు ఇంకొకాయన కూడా ఆదివారం ఒక పుంజుని తెస్తానన్నాడు. నా కోళ్ళన్నీ మేతకర్ర మీద నుంచి తల చాచి తింటాయి. మీ పుంజు ఆ కర్ర అందుకుంటే ఉంచుకుంటాను. లేకపోతే వెనక్కి తీసుకెళ్ళాలి. జాలిపడి ఉంచుకుంటూ పోతే నా షెడ్డు ఎప్పుడో పుంజుల ఆశ్రమం అయ్యేది."

ఫోన్ పెట్టేశాక బాబాయి కంచె దగ్గరికి వెళ్ళి గీతలన్నీ మళ్ళీ చూసుకున్నాడు. "అందుకుంటాడు. మలయ్‌ల పక్కన నిలబెట్టినా మనవాడు తగ్గడు," అన్నాడు. ఆ మాట మాకు చెబుతున్నాడో డేగకి చెబుతున్నాడో తెలియలేదు.

ఇక మేపడం మొదలైంది. బాబాయి వాళ్ళ ఊళ్ళో పందేనికి పుంజుని తయారుచేసే పద్ధతి ఒకటుంది. బాబాయికి అది చిన్నప్పుడు చూసిన జ్ఞాపకం. నానబెట్టిన బాదంపప్పులు, ఖర్జూరం, ఉడికించిన గుడ్లు, మటన్ కీమా. డేగ ఆ వారం నాకన్నా బాగా తిన్నాడు. ఆదివారం పొద్దున బాబాయి గుప్పెడు బాదంపప్పులు ఒక్కొక్కటే అరచేతిలోంచి తినిపించాడు. తర్వాత ఆయన స్నానానికి వెళ్ళగానే, నేను కిటికీలోంచి చూస్తూ ఉండగా, పిన్ని చిన్న గిన్నెతో పెరట్లోకి వెళ్ళింది. గిన్నెలో కీమా, దాని మీద నెయ్యి వేసిన అన్నం ముద్ద. వాడి ముందు కూర్చుని, "తినరా, తిను. కడుపు నింపకుండా ఎవర్నీ గడప దాటించలేదు నేను," అంటోంది. నన్ను చూసి, "మీ బాబాయికి చెప్పకు, నన్ను ఏడిపిస్తాడు," అంది.

పిన్ని రానంది. నేనూ బాబాయే బయల్దేరాం. కుక్కల్ని తీసుకెళ్ళే పంజరంలో డేగ, పంజరం మీద పాత దుప్పటి, పక్కన నేను. దారిలో, కారు దిగకుండానే కాఫీ అందించే షాపు కిటికీ దగ్గర ఆపితే సరిగ్గా అప్పుడే డేగ కూశాడు. కాఫీ అందిస్తున్న అమ్మాయి ఉలిక్కిపడి, "ఎవరది?" అంది. బాబాయి తడుముకోకుండా, "మా బావమరిది," అన్నాడు. ఆ తర్వాత పొలాల వరకూ నవ్వుకుంటూనే ఉన్నాం. గడ్డి ఎండి లేత గోధుమరంగులో ఉంది. గాలిమరలు తిరుగుతున్నాయి. ఆ ఒక్కరోజులో అప్పటికే రెండుసార్లు వాన పడి రెండుసార్లు ఎండ కాసింది.

పెద్దావిడ చాలా పొట్టి మనిషి. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, మోచేతుల దగ్గర చిరిగిన మగవాళ్ళ స్వెటరు. ఆవిడ వెనకే రేకుల షెడ్డులోకి నడిచాం. గోడ మీద ఆసియా పటం ఒకటి, ఎప్పుడో తరగతి గదిలో వేలాడింది. దాని మీద అక్కడక్కడా పిన్నుతో గుచ్చిన ఈకలు. మలయా దగ్గర ఒకటి, జపాన్ దగ్గర ఒకటి, సయాం దగ్గర ఒకటి.

పటానికి ఎదురుగా కోళ్ళ గదులు. మలయ్‌ని చూడగానే బాబాయి ఆగిపోయాడు. ఫోటోలు అబద్ధం చెప్పలేదు. కనుబొమలు ముడిచిన ముఖంతో, బారెడు మెడతో, అది మమ్మల్ని పైనుంచి చూస్తున్నట్టే ఉంది. దాని తల మేతకర్రకి జానెడు పైన ఉంది. పక్క గదిలో షామో నిటారుగా నిలబడి కర్ర మీదుగా గోధుమలు తింటోంది. మేతకర్ర అంటే మరేం లేదు. ప్రతి గదికీ ముందు వైపు ఒకే ఎత్తులో అడ్డంగా బిగించిన చెక్క, దాని బయట గింజల తొట్టి. తినాలంటే పైకి సాగి ఆ చెక్క మీదుగా తల బయటికి పెట్టాలి. చిన్నప్పటినుంచీ అలా తింటే నిలబడే తీరు బాగుంటుందట.

ఖాళీ గదిలో డేగని వదిలాం.

వాడు మూలకి వెళ్ళి ముడుచుకున్నాడు. మెడ మొత్తం భుజాల్లోకి వెళ్ళిపోయింది. కొత్త వాసన, కొత్త కోళ్ళు, రేకుల మీద గాలి చప్పుడు. మా ఇంట్లో ఏనుగులా కనబడేవాడు ఆ మూల పిచ్చుకలా ఉన్నాడు.

పెద్దావిడ తొట్టిలో గోధుమలు గలగలలాడించింది. డేగ తిరిగి కూడా చూడలేదు. మొక్కజొన్న వేసింది. చూడలేదు.

"ఆకలి లేదా వీడికి? పొద్దున ఏమైనా పెట్టావా?"

"కొంచెం బాదంపప్పు," అన్నాడు బాబాయి నెమ్మదిగా.

"ఏమన్నావు?"

"బాదంపప్పులు. కొంచెమే. మా ఊళ్ళో అలా..."

"నాకెప్పుడూ ఎవరూ బాదంపప్పులు పెట్టలేదు," అంది ఆవిడ. కోపం కాదు గానీ ముఖంలో ఉత్సాహం తగ్గింది. గదిలోకి వెళ్ళి డేగని లేపి నిలబెట్టింది. వదిలేయగానే మళ్ళీ కుంగిపోయాడు. కర్రకీ వాడికీ మధ్య చాలా దూరం ఉంది. బాబాయి కంచె దగ్గర చేసినట్టే చెయ్యి పైకెత్తి, "డేగా! ఇటు చూడరా, ఒరే!" అన్నాడు. చేతిలో గుడ్డు ముక్క ఉన్నా వాడికి ఇప్పుడు అక్కర్లేదు.

పెద్దావిడ గడియారం చూసుకుంది. "ఇంకో ఆయన వచ్చే వేళయింది. చూడు, పుంజు అందంగానే ఉంది. కానీ నాకు కావలసింది ఎత్తు," అంది.

బాబాయి నావైపు చూశాడు. ఆ చూపులో నన్నేమీ అడగలేదు. ఇంటికెళ్ళాక పిన్నికి ఏం చెప్పాలో అన్న చూపు అది. పంజరం తలుపు తెరవడానికి వంగాడు.

వాడు ఎలా నిలబడతాడో నాకు తెలుసు. ఆ షెడ్డులో ఇంకెవరికీ తెలియదు.

నా దగ్గర పుస్తకం లేదు. చేతికందిన గింజల బస్తా మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటే అదే చదివాను. ఎంత మాంసకృత్తు, ఎంత పీచు. పెద్దావిడ నన్ను వింతగా చూసింది. డేగ కదల్లేదు. వాడు నా దగ్గర ఎన్నడూ ఇంగ్లీషు వినలేదు.

కంఠతా వచ్చినవి చాలానే ఉండాలి నాకు. ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఇక, కళ్ళకి కనబడుతున్నదాన్నే పుస్తకం అనుకుని చదివాను.

"ఒక షెడ్డు ఉంది," అన్నాను, తెలుగులో. "రేకుల షెడ్డు. బయట గాలి వీస్తోంది. ఆ షెడ్డులో ఒక పొట్టి ముసలావిడ ఉంది. తను పొట్టి గనక పొడుగు కోళ్ళని పెంచుకుంటుంది."

డేగ తల తిరిగింది.

"ఆ షెడ్డుకి ఒక బాబాయి వచ్చాడు. తన పుంజుని మించిన పుంజు లోకంలో లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పకూడదని వారమంతా వాడికి బాదంపప్పులు పెట్టాడు. ఈ రోజు కూడా పెట్టాడు. ఆయన స్నానానికి వెళ్ళాక ఆయన భార్య వచ్చి కీమా పెట్టింది, నెయ్యన్నం పెట్టింది..."

"ఆఁ?" అన్నాడు బాబాయి.

"...అందుకని ఆ పుంజుకి ఆకలి లేదు. అది భయం కాదు, అలకా కాదు. ఉత్త భోజనాయాసం. 'నువ్వెంత పొడుగు?' అని మలయ్ అడిగింది. పుంజు మాట్లాడలేదు. 'ఇంతేనా?' అంది మలయ్."

మలయ్ మాటలకి గొంతు మార్చాను, పెరట్లో మార్చినట్టే. డేగ లేచి నిలబడ్డాడు. ముందు కాళ్ళు బిగిశాయి. తర్వాత మెడ, మడిచిన తాడు విప్పుకున్నట్టు, పైకి వచ్చింది. ఒక్కో అడుగూ వేస్తూ గొంతు వినిపిస్తున్న వైపుకి, అంటే ముందుకి, వచ్చాడు. కర్ర దగ్గరికొచ్చి మెడ సాచి, దాని మీదుగా తల బయటికి పెట్టి, ఒక పక్కకి వంచాడు. తొట్టిలో గింజలు వాడి ముక్కు కిందే ఉన్నాయి. ఒక్కటీ ముట్టుకోలేదు. నావైపే చూస్తున్నాడు.

నేను ఆపలేదు. ఆపితే వాడు కుంగిపోతాడని తెలుసు. మలయ్ ఏమందో, షామో ఏమందో, తోచినట్టల్లా చెబుతూ పోయాను. నా జీవితంలో ముగ్గురి ముందు నేను అంతసేపు మాట్లాడింది లేదు, వాళ్ళలో ఒకరు కోడే అయినా. పెద్దావిడ మెల్లగా గదిలోకి వెళ్ళి, వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వెన్ను మీద చెయ్యి వేసి, కర్ర మీద వాడి గొంతు ఎక్కడ ఆనుతోందో చూసింది.

"చాల్లే, తల్లీ," అంది చివరికి. "చూశాను."

తర్వాత వాణ్ని ఎత్తుకుంది. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి వీపు మీద. ఎత్తుకోగానే ఆవిడ నోట్లోంచి 'హుప్' అని శబ్దం వచ్చింది. "ఇది పుంజా, క్రిస్మస్ పుడ్డింగా? మీద ఉన్న ఈ మెత్తదనం అంతా పోవాలి. రేపటినుంచి గోధుమలే, బాదంపప్పులు నాకు పంపండి. కానీ ఎముక బాగుంది. ఎత్తూ ఉంది."

"అంటే..." అన్నాడు బాబాయి.

"అంటే, ఆ ఇంకో ఆయనకి రావద్దని ఫోన్ చెయ్యాలి. నా ఫోన్ ఎక్కడ పెట్టానో."

ఆవిడ ఫోన్ చేసొచ్చేవరకూ బాబాయి మలయ్ గది ముందే నిలబడ్డాడు. ఆవిడ తిరిగి రాగానే ఆపుకోలేక అడిగేశాడు. "ఇంతకీ వీటిలో ఏది పెద్దదంటారు?"

ఆవిడ మలయ్‌ని తెచ్చి ముందు ఆయన చేతుల్లో, తర్వాత నా చేతుల్లో పెట్టింది. అంత ఎత్తు మనిషి, నేను అనుకున్నంత బరువు లేడు. పొడుగాటి కుర్చీని ఎత్తినట్టు, కాళ్ళని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత షామో. అది గట్టిగా, వెడల్పుగా, పుస్తకాల అట్టపెట్టెలా ఉంది. చివరికి డేగ. చూపుకి ముగ్గురిలో చిన్నవాడు. చేతుల్లోకి రాగానే నిండు బిందెలా బరువుగా కూర్చున్నాడు.

"నా మేతకర్రనడిగితే మలయ్ అంటుంది," అంది ఆవిడ. "నా నడుమునడిగితే మీవాడే."

పుస్తకాల్లో చదివి నేను బాబాయికి చెప్పలేకపోయింది అదే. బాబాయి ముఖం వెలిగిపోయింది. "చూసేవా!" అన్నాడు నాతో. అందులో సగం బాదంపప్పులేనని ఆయనకి గుర్తు చెయ్యలేదు.

వెళ్ళేముందు ఆవిడ పటం దగ్గరికి తీసుకెళ్ళి, "మీ ఊరు ఎక్కడ?" అని అడిగింది. బాబాయి వేలుతో తీరం వెంబడి కిందికి వచ్చి, గోదావరి సముద్రంలో కలిసేచోటికి కాస్త పక్కన ఆపాడు. పంజరంలో డేగది ఎర్రటి ఈక ఒకటి రాలి ఉంది. ఆవిడ దాన్ని తెచ్చి అక్కడ గుచ్చింది. అది పటం మీద సగం బంగాళాఖాతం కప్పేసింది.

"ఈ అమ్మాయి అరిస్తే వాడెందుకు లేచాడు?" అని అడిగింది నావైపు చూస్తూ.

"రోజూ సాయంత్రం మేత వేసేది తనే. గొంతు గుర్తుపట్టేడు," అన్నాడు బాబాయి. నేను తలూపాను. అది కూడా నిజమే.

డేగకి వీడ్కోలేమీ చెప్పలేదు. మేం బయటికి వస్తుంటే వాడు కర్ర మీద నుంచి తల బయటికి పెట్టి, పక్కనున్న మలయ్‌ని పరిశీలిస్తున్నాడు. ఇద్దరికీ మధ్య జానెడు తేడా ఉంది. వాడికి ఆ సంగతి పట్టినట్టు లేదు.

కారులో నా పక్కన ఖాళీ పంజరం, మడిచిన దుప్పటి. మళ్ళీ వాన మొదలైంది. వైపర్లు తిరుగుతున్నాయి. రేపు మధ్యాహ్నం ట్యాంకు వెనక బకెట్ మీద కూర్చుంటే ఎవరు వింటారా అని ఆలోచిస్తున్నాను. దిగులుగా ఉందేమోనని వెతుక్కున్నాను, అంతగా లేదు. చేతుల్లో ఇంకా వాడి బరువు ఉన్నట్టే ఉంది. గొంతు కొంచెం బొంగురుపోయింది, ఎప్పుడూ లేనిది.

గాలిమరలు దాటాక బాబాయి అద్దంలోంచి నావైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"అది సరేగానీ, ఆ కతలో బాబాయిని బాదంపప్పుల దగ్గరే వదిలేసేవేటమ్మా. తర్వాతేం చేసేడో చెప్పు, ఇల్లు రావడానికి ఇంకా బోల్డు టైముంది."